పిల్ల నోరు విప్పిన రోజు: హింస విషయంలో బడి ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

ఓ మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలంతా కుళాయి దగ్గర కంచాలు కడుక్కుని క్లాసులకు పరిగెడుతున్నారు. ఏడో తరగతి పిల్ల ఒకతి మాత్రం కడిగిన కంచమే మళ్లీ కడుగుతూ నిలబడింది. నేను దగ్గరికి వెళ్తే, కంచం మీంచి చూపు తియ్యకుండా "మేడం, ఇవాళ నేను ఇంటికెళ్లకపోతే ఏమవుద్ది?" అంది. "మీ అమ్మమ్మ బెంగెట్టుకుంటుంది. పద పద, బెల్లయింది" అన్నాను. వెళ్లిపోయింది. వాళ్లమ్మ కువైట్‌లో ఉందని నాకు తెలుసు. ఇంట్లో అమ్మమ్మ కాకుండా ఇంకెవరుంటున్నారో కనుక్కోవాలని మాత్రం తట్టలేదు. తట్టడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలలు నన్ను ఇంకా వదల్లేదు. కోనసీమ లంకల్లో కొన్నాళ్లు, భీమవరం వైపు చెరువుల ఊళ్లలో కొన్నాళ్లు, మొత్తం మీద పాతికేళ్ల పైచిలుకు బడుల్లోనే గడిచాయి. ఆ అనుభవంతో హెచ్‌ఎంలకు, టీచర్లకు, పేరెంట్ కమిటీలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. విచారణ చేయడం బడి పని కాదు. రాజీ కుదర్చడం అసలే కాదు. వినాలి, విన్నది విన్నట్టు రాయాలి, ఆ రోజే చెప్పాల్సిన చోట చెప్పాలి, తర్వాత ఆ పిల్ల బడి మానకుండా చూసుకోవాలి. ఇవి కుదరాలంటే ముందు బడిలో కొన్ని సర్దుకోవాలి. అక్కడి నుంచే మొదలుపెడదాం.

1. ముందు మన బెత్తం సంగతి తేల్చుకోండి

హోంవర్క్ చేయలేదని కొట్టే మనిషి దగ్గరికొచ్చి, ఇంట్లో ఎవరో కొడుతున్నారని ఏ పిల్లా చెప్పదు. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గోడకుర్చీ, గుంజీళ్లు, అందరి ముందూ "మొద్దు" అనడం, అన్నీ అందులోకే వస్తాయి. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా స్టాఫ్‌రూం బీరువా మీద బెత్తం ఉన్న బడులు నేను చూశాను. మీ బడిలో ఉంటే ఈ వ్యాసం ఇక్కడ ఆపి, ముందు దాన్ని తీసి పారేసి రండి.

తర్వాత ఇద్దరిని ఎంచుకోండి, ఒక టీచరమ్మ, ఒక మాస్టారు. ఎవరితో మాట్లాడటం తేలికో పిల్లల్నే చీటీల మీద రాసిమ్మనండి. హెచ్‌ఎం పేరు రాకపోవచ్చు, నొచ్చుకోకండి. ఒకసారి మా బడిలో ఎక్కువ చీటీలు వంటమ్మ పేరు మీద వచ్చాయి. ఆవిడకూ ఇవే జాగ్రత్తలు నేర్పించాం.

ఫిర్యాదుల పెట్టె పెట్టండి. తాళం ఒకరి దగ్గరే ఉండకూడదు. వారానికోసారి ఇద్దరు కలిసి తెరవాలి. ఫ్యాన్ తిరగడం లేదనీ, సాంబారు నీళ్లలా ఉంటోందనీ చీటీలొస్తాయి. వాటినీ పట్టించుకోండి. ఫ్యాన్ బాగయిందని చూశాకే పిల్లలు అసలు సంగతి రాస్తారు.

1098, 112, 181 నంబర్లు హెచ్‌ఎం గది గోడ మీద రాయిస్తే మనం చదువుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు. ఆడపిల్లల బాత్రూం తలుపుకు లోపలి వైపు రాయించండి, మగపిల్లలవైపూ అలాగే. 1098 పిల్లల కోసం, 181 మహిళల కోసం, 112 ఏ అత్యవసరానికైనా.

2020 పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) నిబంధనల ప్రకారం పిల్లలతో మెలిగే సిబ్బంది అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. టీచర్లతో ఆపేయకండి. బస్సు డ్రైవరు, క్లీనరు, వాచ్‌మన్, సాయంత్రం ట్యూషన్ చెప్పడానికొచ్చే కుర్రాడు, అందరూ అందులో ఉండాలి.

2. పిల్లలు వచ్చే దారి ఒకసారి నడవండి

దీనికి ఒక శనివారం సాయంత్రం చాలు. పిల్లల వెనకాలే వాళ్ల ఇళ్లదాకా నడవండి. మన ప్రాంతంలో బడి దారంటే రేవు, పడవ, కాలువ గట్టు, రొయ్యల చెరువుల మధ్య బాట, షేర్ ఆటో. మధ్యలో ఎక్కడో ఓ బెల్టు షాపు.

ఒక లంక ఊళ్లో ఇలా నడుస్తుంటే గట్టు మలుపు దగ్గర ఆడపిల్లలు ఠక్కున ఆగిపోయారు. "ఏంటే?" అన్నాను. "అయిదుగురం అయ్యేదాకా ఇక్కడ ఆగుతాం మేడం. అవతల మోటారు షెడ్డు దగ్గర కూచుంటారు" అన్నారు. రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వస్తున్నారని మేం గోడకుర్చీ వేయిస్తున్నది ఈ పిల్లలకే! ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

నడిచొచ్చాక పిల్లలతో దారి బొమ్మ గీయించండి. భయమేసే చోట ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టమనండి. ఆ బొమ్మ పట్టుకుని పంచాయతీకి, సచివాలయానికి వెళ్లండి. "రక్షణ కల్పించాలి" అని అర్జీ పెడితే ఫైల్లో పడుంటుంది. "ఫలానా మలుపులో లైటు కావాలి, పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింటి దాకా ఒక మనిషి తిరగాలి" అని రాస్తే కాదనడానికి వాళ్లకు సాకు దొరకదు. మాకు లైటు రావడానికి రెండు నెలలు పట్టింది. ఈలోపు ఆలస్యానికి శిక్ష ఎత్తేశాం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

3. ఏం గమనించాలి

ఉన్నట్టుండి మార్కులు పడిపోవడం, సాయంత్రం బెల్లు కొట్టినా ఇంటికి కదలకపోవడం, ఎండల్లోనూ పూర్తి చేతుల చొక్కా, కడుపునొప్పని పదేపదే చెప్పడం, బళ్లో నిద్రపోవడం. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. ఒకసారి పక్కకు పిలిచి "ఏంట్రా, బాగున్నావా?" అని అడగడానికి మాత్రం చాలు.

ఇక్కడి ఇళ్ల సంగతి తెలిసుండాలి. అమ్మ గల్ఫ్‌లో, నాన్న చెరువు కాపలాలో, పిల్ల బంధువుల ఇంట్లో. అందుకని అడ్మిషన్ రిజిస్టర్‌లో తల్లిదండ్రుల పేర్లతో సరిపెట్టుకోకుండా, పిల్ల రాత్రిళ్లు ఏ ఇంట్లో పడుకుంటుంది, ఆ ఇంట్లో ఎవరెవరుంటారు అన్నది ఏడాదికి రెండుసార్లు కనుక్కుని రాసుకోండి. నేను ఆ రోజు చేయనిది ఇదే.

అబ్బాయిల్ని మర్చిపోతాం. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో, లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్న పిల్లల్లో 52.94 శాతం అబ్బాయిలే. "మగపిల్లాడికేంటి" అనే మాట స్టాఫ్‌రూంలో వినిపిస్తే అక్కడే తుంచేయండి.

గుడ్ టచ్, బ్యాడ్ టచ్ అని బ్యానర్ కట్టి, ఫోటో దిగి, గ్రూపులో పెట్టేసే కార్యక్రమాల మీద నాకు నమ్మకం లేదు. ఒళ్లు గురించి సిగ్గుపడకుండా మాట్లాడే సైన్సు టీచరు ఏడాదంతా ఉంటే అంతకంటే ఎక్కువ పని జరుగుతుంది.

4. మొదటి పది నిమిషాలు

పిల్ల చెప్పేది మీరు కేటాయించిన గదిలో, కేటాయించిన టైములో చెప్పదు. కుళాయి దగ్గర, బస్సెక్కబోతూ, రికార్డు దిద్దించుకుంటూ చెబుతుంది. అదీ సగం మాట. ఆ సగం మాట జారిపోకుండా పట్టుకోవాలి.

చేతిలో పని ఆపండి. బయటివాళ్లకు కనబడుతూ, మాటలు మాత్రం వినబడని చోటికి తీసుకెళ్లండి. తలుపు మూయకండి. పక్కన కూర్చోండి, ఎదురుగా నిలబడొద్దు. "చెప్పమ్మా, వింటున్నాను" అనండి. తర్వాత ఊరుకోండి. టీచర్లకు ఊరుకోవడం చేతకాదు, నాకూ కాలేదు.

ఒకవేళ అడగాల్సొస్తే "తర్వాత ఏమైంది?" చాలు. "మీ బాబాయేనా?" అని పేరు మీరు అందించకూడదు. "ముందే ఎందుకు చెప్పలేదు?", "నువ్వెందుకెళ్లావు అక్కడికి?" అన్న ప్రశ్నలు రాకూడదు. ఆ రెండూ అడిగితే పిల్ల నోరు మూతపడుతుంది.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి" అంటుంది. ఒట్టు వేయకండి, నిలబెట్టుకోలేరు. నేను ఇలా అనడం నేర్చుకున్నాను: "నిన్ను కాపాడటానికి ఎవరికి చెప్పాలో వాళ్లకే చెబుతాను. ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెబుతాను."

ఇంకో మాట చెప్పి తీరాలి, "నీ తప్పేం లేదు" అని. తర్వాత మంచినీళ్లు ఇచ్చి, ఆ పిల్లకు ఇష్టమైన స్నేహితురాల్ని పక్కన కూర్చోబెట్టండి. ఒంటరిగా వదలొద్దు.

పిల్ల చెప్పేది బడిలో ఒక్కళ్లే వినాలి. మేం పాడుచేసింది ఇక్కడే. నాలుగు నెలలకు ఆ పిల్ల మళ్లీ చెబితే, నేను విన్నాను, హెచ్‌ఎంగారు పిలిపించి విన్నారు, ఇంకో టీచరమ్మ ఓదారుస్తూ అడిగింది, పేరెంట్ కమిటీ నుంచి ఒకావిడొచ్చి అడిగింది. నాలుగోసారికి పిల్ల "ఏం లేదండి, ఊరికే అన్నాను" అంది. అబద్ధం అనుకున్నారు. అలసిపోయిందని ఎవరికీ అనిపించలేదు.

5. విన్నది విన్నట్టు రాయండి

పిల్ల పక్కకు వెళ్లగానే కాగితం తీయండి. తేదీ, టైము, చోటు రాసి, పిల్ల మాటల్ని పిల్ల మాటల్లోనే రాయండి. "బంధువు అసభ్యంగా ప్రవర్తించాడు" అని మన భాషలోకి మార్చకండి. "బాబాయి లైటు తీసేయమంటాడు మేడం" అంటే అంతే రాయండి. యాసతో సహా. మీ అనుమానాలు అందులో కలపొద్దు. సంతకం పెట్టి, కవర్లో పెట్టి, హెచ్‌ఎం తాళం కింద ఉంచండి. ఫోటో తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టారంటే ఆ పిల్లకు మీరే రెండో హాని చేసినట్టు.

ఫోన్లో ఎవరో పిల్ల ఫోటోలు తిప్పుతున్నారన్న కేసైతే, సాక్ష్యం కోసమని వాటిని మీ ఫోన్లోకి పంపించుకోకండి. పిల్లల అశ్లీల చిత్రాలు దగ్గర ఉంచుకోవడమే చిక్కు తెస్తుంది. ఆ ఫోన్లో ఉన్నది చెరిపేయకుండా అలాగే ఉంచమని చెప్పి, సైబర్ నేరాల నంబరు 1930కీ పోలీసులకూ చెప్పండి.

6. ఆ రోజే చెప్పండి

పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా, జరగబోతోందని భయం కలిగిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. స్థానిక స్టేషనైనా, పిల్లల కేసులు చూసే స్పెషల్ జువైనల్ పోలీస్ యూనిట్ అయినా సరే. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని దాచిన సంస్థ పెద్దకు ఏడాది వరకు జైలు. రుజువులు సేకరించి చెప్పాలని చట్టం అడగదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదని అదే సెక్షన్ చెబుతోంది.

ఫోన్ చేసి ఊరుకోకండి. రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, అది ఏ స్టేషనైనా రాయాల్సిందే. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకీ, ప్రత్యేక కోర్టుకూ తెలియజేయాలి. ఇంట్లోవాళ్లే నిందితులైతే పిల్లను ఆ రాత్రి ఎక్కడ ఉంచాలో ఆ కమిటీ చూస్తుంది. అలాంటప్పుడు ఇంటికి ముందు ఫోన్ చేయకండి. మిగతా కేసుల్లో తల్లికి, లేదా పిల్ల ఎవర్ని నమ్ముతుందో వాళ్లకు చెప్పి వెంట తీసుకెళ్లండి.

పోలీసులు యూనిఫాంలో రాకూడదు. పిల్ల వాంగ్మూలాన్ని వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, పిల్ల ఇంటి దగ్గరో, తను కోరుకున్న చోటో తీసుకోవాలి. రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. ఫోన్లోనే మర్యాదగా గుర్తుచేయండి: "సివిల్ డ్రెస్సులో రండి సార్, జీపు బడి గేటు దగ్గర ఆపొద్దండి."

ఆసుపత్రికి ఆలస్యం చేయొద్దు. గర్భం, హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. అత్యవసర వైద్యానికి ఎఫ్‌ఐఆర్ తెమ్మని ఆసుపత్రి అడగకూడదు. ఆడపిల్లను పరీక్షించేది మహిళా డాక్టరే. వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి తీసుకెళ్లండి, ప్లాస్టిక్ కవర్లో వద్దు.

7. ఊరి పెద్దలొస్తారు

తప్పకుండా వస్తారు, ఆ సాయంత్రానికే. కుర్చీ వేయించుకుని మెల్లగా మొదలుపెడతారు.

"మేడంగారూ, పిల్ల భవిష్యత్తు చూడాలి కదండీ. పోలీసులంటే పేపర్లో పడుద్దండి. పెద్దల్లో పెట్టి ఏదోటి తేల్చేద్దామండి."

వాదనకు దిగకండి. చట్టాన్ని అడ్డం పెట్టుకోండి. "నా చేతుల్లో లేదండి. చెప్పకపోతే నా మీదే కేసు. నా ఉద్యోగం పోతే మీరిప్పిస్తారా అండి?" నేను చాలాసార్లు ఇదే అన్నాను. ధైర్యవంతురాలి మాట కాదు గానీ, పనిచేస్తుంది. పేపర్లో పడుతుందన్న భయానికీ జవాబుంది. పిల్ల పేరు, ఫోటో, ఊరు, బడి, కుటుంబం, ఏ వివరమూ బయటపెట్టకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్. వాట్సాప్ గ్రూపుల్లో తిప్పే కుర్రాళ్లకూ ఈ సంగతి వినిపించేలా చెప్పండి.

పెద్దమనుషుల్లో ఎవరో ఒకరు మనవైపు ఉంటారు. చాలాసార్లు డ్వాక్రా సంఘం లీడరే. ఆవిడతో పరిచయం ముందు నుంచీ ఉండాలి, కేసు వచ్చాక వెతుక్కుంటే దొరకదు.

నిందితుడు మన స్టాఫే అయితే? అంతా ఇదే. శాఖాపరమైన విచారణ దాని దారిన అది నడుస్తుంది. అది అయ్యాక చూద్దామని పోలీసులకు చెప్పడం ఆపకూడదు. బదిలీ చేసి చేతులు దులుపుకుంటే ఇంకో ఊరి పిల్లలకు అంటగట్టినట్టే. టీచరమ్మలపై వేధింపుకు వేరే దారి ఉంది. పదిమంది, ఆపైన పనిచేసే చోట పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం (2013) ప్రకారం ఇంటర్నల్ కమిటీ ఉండాలి. చిన్న బడులవాళ్లు జిల్లాలోని లోకల్ కమిటీకి వెళ్లొచ్చు. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు.

8. అమ్మ దెబ్బలు తింటున్నప్పుడు

తొమ్మిదో తరగతి కుర్రాడు రోజూ మొదటి పీరియడ్‌లో తూగుతున్నాడు. ఫోన్ చూస్తున్నాడేమో అనుకున్నాం. "నేను మెలకువగా ఉంటే నాన్న కొట్టడు మేడం" అన్నాడు ఒక రోజు. కొట్టేది వాళ్లమ్మను. రాత్రంతా కాపలా కాసి బడికొస్తున్నాడు.

ఇలాంటప్పుడు ఆ ఇంటికి వెళ్లి మొగుడికి బుద్ధి చెప్పకండి. మీరు వచ్చేశాక ఆ కోపం ఆవిడ మీదే పడుతుంది. స్కాలర్‌షిప్ సంతకమనో, ప్రోగ్రెస్ కార్డనో ఆవిడ్ని బడికి పిలవండి. రొయ్యల షెడ్డుకు వెళ్లే మనిషైతే కూలి పోకుండా టైము చూడండి. నంబరు కాగితం మీద రాసివ్వొద్దు, మొగుడి కంట పడితే గొడవ. "ఒకటి ఎనిమిది ఒకటి" అని మూడుసార్లు అనిపించండి, గుర్తుండిపోతుంది. ఆవిడ సరేనంటే హింసకు గురైన ఆడవాళ్లకు సాయమంతా ఒకేచోట అందించే సఖి వన్ స్టాప్ సెంటర్‌కు కలపండి. గృహహింస చట్టం (2005) కింద రక్షణ అధికారికి ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు, మీరూ ఇవ్వొచ్చు. కేసు వేస్తే ఇల్లు వదిలిపోవాలేమో అని వాళ్ల బెంగ. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు ఆ చట్టమిస్తుంది. లాయరు ఖర్చు లేదు, న్యాయ సేవాధికార సంస్థ చూసుకుంటుంది, నంబరు 15100.

వెళ్లాలా వద్దా అన్నది ఆవిడ నిర్ణయం. తొందరపెట్టకండి. దెబ్బలు పిల్లల మీదా పడుతుంటే మాత్రం ఆగక్కర్లేదు, 1098కి చెప్పండి.

9. పెళ్లి కార్డు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20–24 ఏళ్ల మధ్య ఉన్న మన రాష్ట్రపు స్త్రీలలో 29.3 శాతానికి 18 నిండకముందే పెళ్లయింది. దేశం సగటు 23.3. రాజమండ్రిలో పుట్టిన స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారని చదివి పాతకాలం కదా అనుకుంటాం. పదో తరగతి పరీక్షలయ్యాక హాజరు పట్టీ చూడండి, ఏ కాలమో తెలుస్తుంది.

మాఘమాసానికి ముందు ఒకసారి, వేసవి సెలవులకు ముందు ఒకసారి ఎనిమిది నుంచి పది తరగతుల ఆడపిల్లలతో మాట్లాడండి. ఎవరికి పెళ్లిచూపులయ్యాయో వాళ్లకే బాగా తెలుసు. "మేనమామకే కదండీ ఇస్తున్నాం, బయటవాళ్లకా?" అంటారు. వయసు 18 నిండాలి, అబ్బాయికి 21. చేయించినవాళ్లకు రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా.

ఇక్కడ మన చేతిలో పెద్ద ఆయుధం ఉంది, అడ్మిషన్ రిజిస్టర్. బాల న్యాయ చట్టం కింద వయసు తేల్చేటప్పుడు మొదట చూసేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్టే. కాబట్టి ఆ తేదీ దిద్దమని ఎవరొచ్చినా దిద్దకండి. 1098కి, ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే విభాగం) వాళ్లకు చెప్పి, రిజిస్టర్ నకలు సిద్ధంగా పెట్టుకోండి. పెళ్లి ఆపాలని కోర్టు ఆర్డర్ కూడా ఇవ్వగలదు. పందిరి వేశాక ఆపడం కంటే నిశ్చయ తాంబూలాల నాడే ఆపడం అందరికీ నయం. అప్పటికి బంగారం కొనరు, అంత పంతం ఉండదు.

10. వరద రోజుల్లో

బడే పునరావాస కేంద్రమవుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల నుంచి జనం తరలి రావడం మీరూ చూసే ఉంటారు. ఆడవాళ్లకూ పిల్లలకూ లోపలి నుంచి గడియపడే గదులు ఇవ్వండి. బాత్రూం దారిలో రాత్రంతా వెలుగుండాలి, కరెంటు పోతే ఎమర్జెన్సీ లైటు. పెద్దల తోడు లేకుండా వచ్చిన పిల్లల పేర్లు వేరే పుస్తకంలో రాసి, వాళ్లను ఎవరు తీసుకెళ్లినా సంతకం, ఫోన్ నంబరు తీసుకోండి. రాత్రి డ్యూటీలో ఒక టీచరమ్మ ఉండి తీరాలి.

11. పిల్ల తిరిగి వచ్చిన పొద్దున

చాలా బడులు ఇక్కడే చేతులెత్తేస్తాయి. "వేరే ఊళ్లో చేర్పించండి, పిల్లకే మంచిది" అని టీసీ చేతిలో పెడతాయి. టీసీ ఇవ్వకండి. పిల్ల అడిగితే తప్ప సెక్షన్ మార్చకండి, బెంచీ మార్చకండి.

వచ్చేముందు రోజు స్టాఫ్‌తో అయిదు నిమిషాలు మాట్లాడండి. ఎవరూ జాలిగా చూడొద్దు, కౌగలించుకోవద్దు, ఏమైందని అడగొద్దు. కోర్టుకు వెళ్లిన రోజులకు హాజరు పోకుండా చూడండి. పోయిన పాఠాలు ఎవరు చెప్పాలో ముందే అనుకోండి. కేసు అయ్యేదాకా పిల్లకు తోడుగా ఉండే సపోర్ట్ పర్సన్‌ను బాలల సంక్షేమ కమిటీ ఇస్తుంది. ఆ మనిషి నంబరు క్లాసు టీచరు దగ్గర ఉండాలి. విచారణ ఏడాదిలో ముగించాలని చట్టంలో ఉన్నా, తేదీలు జరుగుతూనే ఉంటాయి, పదో తరగతి పరీక్షల మధ్యలో వచ్చి పడతాయి. ఆ సంగతి ప్రాసిక్యూటర్‌కు ముందే రాసివ్వండి.

నేను చెప్పిన పిల్ల మూడు వారాల తర్వాత వచ్చింది. గేటు దగ్గర కాసేపు నిలబడింది. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. "లెక్కల పుస్తకం తెచ్చావా?" అన్నాను. "మర్చిపోయాను మేడం" అంది. "సరే, నాది తీసుకో" అని ఇచ్చాను. క్లాసుకు వెళ్లింది.